చేతిపనికి చదువులో చోటు: హైస్కూలులోనే ఇంజనీరింగ్

(తిరుచానూరులో ఉన్నత పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైస్కూలు పిల్లలకు ఇంజనీరింగ్ నేర్పడం గురించి మాట్లాడమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ఆ మాట విని, ఇది ఎంసెట్ కోచింగ్ గురించిన సభ కాబోలు అనుకుని వచ్చినవారు కొందరు ఉన్నట్టున్నారు. వారు నిరాశ చెందవలసి వస్తుంది. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సు పేరిట పిల్లల చేత సూత్రాలు వల్లె వేయించడం ఇంజనీరింగ్ కాదు. ఒక నిజమైన ఇబ్బందిని ఎదురుగా పెట్టుకుని, దాన్ని కొలిచి, కారణం ఆలోచించి, ఉన్న డబ్బులో, ఉన్న సామానుతో ఒక ఉపాయాన్ని చేత్తో తయారుచేసి, అది పనిచేయకపోతే మళ్లీ మార్చడం ఇంజనీరింగ్. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు ఈ పని చక్కగా చేయగలరు. మేము చూశాం కనుక చెబుతున్నాం.

ఇది మన సమాజానికి మరింత అవసరం ఎందుకో ముందుగా మనవి చేస్తాం. తిరుపతి చుట్టుపక్కల మెకానిక్ షెడ్లు, వెల్డింగ్ కొట్లు, పంక్చర్ దుకాణాలు, బ్యాటరీ షాపులు ఒకసారి గమనించండి. ఉస్తాద్ పక్కన పానా అందిస్తూ నిలబడిన కుర్రవాడు చాలాచోట్ల మన పిల్లవాడే. బడి మానేసి వచ్చినవాడే. 2006లో వెలువడిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక, 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడికి వెళ్లలేదని గానీ, మధ్యలో మానేశారని గానీ తేల్చింది. ఆ తర్వాత పరిస్థితి కొంత మెరుగైంది. అయినా పదో తరగతి మెట్టు దగ్గర మన మగపిల్లలు జారిపోవడం ఆగలేదు. తండ్రులను అడిగితే ఒకటే జవాబు వస్తుంది: ‘వాడికి చదువు ఎక్కడం లేదు జనాబ్, కనీసం పనైనా నేర్చుకుంటాడు.’

చదువు ఎక్కని ఆ పిల్లవాడే ఆరు నెలలు తిరిగేసరికి ఇంజన్ శబ్దం విని లోపం ఎక్కడుందో చెబుతాడు. కార్బురేటర్ విప్పి, కడిగి, మళ్లీ బిగిస్తాడు. అంటే బుర్ర లేక కాదు. ఆ బుర్ర పనిచేసే తీరుకు బడిలో చోటు లేదు. పుస్తకంలో ఉన్న పీడనం, ఘర్షణ, విద్యుత్ నిరోధం అనే మాటలే షెడ్డులో రోజూ అతని చేతికి తగులుతున్నాయి. ఆ రెండూ ఒకటేనని అతనికి చెప్పినవారు ఎవరూ లేరు. మరోవైపు బాగా మార్కులు వచ్చే పిల్లలు ఓమ్ సూత్రం తప్పు లేకుండా రాస్తారు, ఇంట్లో ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్ కోసం ఎదురుచూస్తారు. ఇది మన పిల్లల లోపం కాదు, నేర్పే పద్ధతిలోని లోపం.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన కాలంలో కుల ధ్రువపత్రాల దస్త్రాలు ఎన్నో మా చేతుల మీదుగా వెళ్లాయి. 2007 నాటి చట్టంతో వచ్చిన బి.సి.-ఇ జాబితాను ఎప్పుడైనా నిదానంగా చదివారా? అందులో తురక కాశలు ఉన్నారు, చక్కిటకానెవాలె ఉన్నారు, రోళ్లకు కక్కు కొట్టేవారు ఉన్నారు, పత్తర్ ఫోడులు ఉన్నారు. అత్తరు సాయిబులు, హజాములు, ధోబీలు ఉన్నారు. బి.సి.-బిలో దూదేకులవారు ఉన్నారు. ఇవన్నీ చేతిపనుల పేర్లే. అరిగిన తిరగలి రాయికి మళ్లీ గంట్లు కొట్టాలంటే ఎంత లోతుగా కొట్టాలి, ఏ దిశగా కొట్టాలి, పిండి మధ్యనుంచి అంచుకు ఎలా జారాలి అనేది తెలిసి ఉండాలి. గంటు తప్పితే గింజ నలగదు, రాయి వేడెక్కుతుంది. దూదేకులవారు వింటి నారిని కొట్టి, ఆ కంపనంతో దూది పోగులను విడదీసేవారు. వీరిని మనం కార్మికులనే అన్నాం, వారి దగ్గర ఉన్నది శాస్త్రమని ఎవరూ అనలేదు. రిజర్వేషన్ ఫారం నింపేటప్పుడు మాత్రమే ఆ పేర్లు గుర్తుకు వస్తాయి, మిగతా రోజుల్లో వాటిని దాచుకుంటాం.

ఇక్కడ తల్లిదండ్రుల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. ‘మేము షెడ్డు నుంచి బయటపడాలనే పిల్లలను బడికి పంపిస్తున్నాం. మీరు అక్కడ కూడా స్క్రూడ్రైవర్ ఇస్తామంటారా?’ ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి చరిత్ర కూడా ఉంది. 1937లో వార్ధాలో గాంధీజీ పిలిచిన విద్యా సమావేశం తర్వాత, చేతివృత్తి కేంద్రంగా చదువు సాగాలనే పథకాన్ని తయారుచేసిన సంఘానికి డాక్టర్ జాకిర్ హుస్సేన్ అధ్యక్షత వహించారు. ఆయన హైదరాబాదులో పుట్టినవారు, జామియా మిల్లియాను కష్టకాలంలో నిలబెట్టినవారు, తర్వాత రాష్ట్రపతి అయినవారు. నూలు వడకడం ద్వారా లెక్కలు, భూగోళం, సమాజ శాస్త్రం నేర్పాలనేది అందులోని ఆలోచన. ఆచరణలో ఏం జరిగింది? చాలా బడుల్లో వృత్తి ఒక విడి పీరియడుగా మిగిలింది. పిల్లలు తకిలీ తిప్పారు, దారం లెక్క వేయలేదు. ఇది పేదపిల్లలకు కేటాయించిన తక్కువరకం చదువని తల్లిదండ్రులు అనుమానించారు. ఆ అనుమానం పూర్తిగా తప్పని మేము అనలేము.

అందుచేత ఒక తేడాను స్పష్టం చేయాలి. వృత్తి నేర్చుకోవడమంటే తెలిసిన పనిని నేర్పుగా చేయడం. మేము చెప్పే చదువులో పిల్లవాడు ‘ఇది ఇలాగే ఎందుకు ఉంది, వేరే విధంగా ఉంటే ఏమవుతుంది’ అని అడగాలి, అడిగిన దానికి జవాబు కొలిచి తెలుసుకోవాలి, కొలిచినది కాగితం మీద రాయాలి. చేతిలో పానాతోపాటు నోటుపుస్తకం లేకపోతే ఇది మళ్లీ షెడ్డే అవుతుంది.

ఇలాంటి చదువుకు ఉదాహరణ మన పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు కలిసే కుప్పం దగ్గర గుడివంక వద్ద 172 ఎకరాల్లో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ వారి ప్రాంగణం ఉంది. విదేశాల్లో బ్యాంకు ఉద్యోగం చేసిన రాంజీ రాఘవన్ 1999లో మిత్రులతో కలిసి ఈ సంస్థను స్థాపించారు. ఒకప్పుడు బంజరుగా ఉన్న ఆ నేల ఇప్పుడు పచ్చగా ఉంది. చుట్టుపక్కల ప్రభుత్వ పాఠశాలల పిల్లలు అక్కడికి వచ్చి పరికరాలను ముట్టుకుని, విప్పి, బిగించి నేర్చుకుంటారు. అక్కడికి రాలేని పిల్లల దగ్గరికి వారే వ్యాన్లలో, మోటారు సైకిళ్ల మీద ప్రయోగ సామగ్రి తీసుకువెళతారు. ఆ సామగ్రిలో ఎక్కువ భాగం ఖరీదైనది కాదు.

వారి పద్ధతుల్లో రెండు మాకు బాగా నచ్చాయి. మొదటిది, నేర్చుకున్న పిల్లలే తోటి పిల్లలకు నేర్పడం. బడిలో నోరు విప్పని పిల్లవాడు తాను చేసిన వస్తువు పక్కన నిలబడితే ధారాళంగా మాట్లాడతాడు. రెండోది ‘అన్వేషణ’ పేరుతో జరిగే ప్రదర్శన. అందులో ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు, ప్రభుత్వ పాఠశాల పిల్లలు జట్టుగా కలిసి పనిచేసే నమూనాలు తయారుచేస్తారు. తిరుపతిలో ఇంజనీరింగ్ కళాశాలలకు కొరత లేదు, 2015 నుంచి ఐఐటీ కూడా ఉంది. వాటిలో చదువుతున్న మన పిల్లలు నెలకు రెండు ఆదివారాలు తమ వీధి పిల్లలకు ఇస్తే ఇలాంటి జట్లు ఇక్కడా ఏర్పడతాయి. (సైన్స్ ఫెయిర్ అనగానే దుకాణంలో తయారు నమూనా కొని, దానికి లైటు తగిలించి ఇచ్చే తండ్రులు ఈ సభలో ఉంటే క్షమించాలి. ఆ బహుమతి మీకు రావాలి, పిల్లవాడికి కాదు.)

ఇప్పుడు మేము స్వయంగా చేయించిన ఒక పని వివరంగా చెబుతాం. ఎనిమిది నుంచి పది దాకా చదివే పదకొండు మంది పిల్లలను ఆదివారాల్లో కూర్చోబెట్టి, ‘మన చుట్టూ ఉన్న ఒక ఇబ్బంది చెప్పండి’ అన్నాం. రకరకాలు చెప్పారు. చివరికి మస్జిద్ వజూఖానా మీద అందరూ ఒప్పుకున్నారు. వేసవిలో ట్యాంకు మగ్రిబ్ వేళకే ఖాళీ అవుతోంది. ‘మోటారు మార్చాలి’ అని పెద్దలు, ‘ఇంకో ట్యాంకు పెట్టాలి’ అని ముతవల్లీ సాహెబ్ అంటున్నారు. పిల్లలను మాత్రం ఏదీ అనవద్దన్నాం, ముందు కొలవమన్నాం.

పది లీటర్ల బకెట్టు, చేతిగడియారం, ఇంతే సామాను. ట్యాంకుకు దగ్గరగా ఉన్న కొళాయి కింద బకెట్టు 60 సెకన్లలో నిండింది. చివరి కొళాయి కింద 80 సెకన్లు పట్టింది. ఒకే పైపు, ఒకే ట్యాంకు, ఈ తేడా ఎందుకని వాళ్లే అడిగారు. నీరు పైపు గోడలను రాసుకుంటూ వెళ్లేకొద్దీ ఒత్తిడి కొంత ఖర్చవుతుందని చెప్పాం. ఘర్షణ అనే పాఠం వాళ్లు అంతకు ముందే చదివి పరీక్ష రాశారు. అది నీటికి కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది. తర్వాత ఇరవై మంది వజూ చేస్తుండగా కొళాయి ఎంతసేపు తెరిచి ఉందో రాసుకున్నారు. లెక్క వేస్తే ఒక్కొక్కరికి సగటున 9 లీటర్లు తేలింది. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వజూ చేసేవారని హదీసులో ఉంది. ముద్ అంటే లీటరు కంటే తక్కువే. ఆ సంగతి పిల్లలకు మదరసాలో ఎప్పుడో చెప్పి ఉంటారు, బకెట్టు పక్కన నిలబడి విన్నప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

పరిష్కారాల దగ్గర గొడవ మొదలైంది. చేయి పెడితే నీరు వచ్చే సెన్సార్ కొళాయి కావాలని ఒకడు అన్నాడు. దాని ధర కనుక్కొని వచ్చి వాడే మానుకున్నాడు. కాలితో నొక్కే కొళాయి అన్నారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు అది కుదరదని ఇంకొకరు అన్నారు. గోడ పగలగొట్టకూడదు, ఖర్చు 500 రూపాయలు దాటకూడదు అని మేము రెండు షరతులు పెట్టాం. షరతులు లేనిచోట ఆలోచన గాలిలో ఉంటుంది, షరతు పడగానే నేలమీదికి దిగుతుంది. చివరికి కొళాయి మర బిగించేచోట, సన్నని రంధ్రం ఉన్న ప్లాస్టిక్ బిళ్ల ఒకటి పెట్టాలని తేల్చారు. పాత నూనె డబ్బా కత్తిరించి బిళ్లలు చేశారు. 3 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టారు.

పెద్దలు కోప్పడ్డారు. నిమిషానికి రెండు లీటర్లే వస్తోంది, నమాజు వేళ దాటిపోతోంది, కొందరు విసుగుతో కొళాయి తెరిచే ఉంచుతున్నారు. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. ‘మానేద్దామా’ అన్నారు. ఎంత మార్చాలో ముందు లెక్క వేయమన్నాం. 3 బదులు 4 మిల్లీమీటర్లు పెడితే నీరు మూడో వంతు పెరుగుతుందని అందరూ అన్నారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం ‘వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది కదా, 9కి 16, అంటే దాదాపు రెండింతలు’ అంది. బిళ్ల వేసి కొలిస్తే నిమిషానికి మూడున్నర లీటర్లు వచ్చింది. పై ఆర్ స్క్వేర్ అనే సూత్రం ఆ పిల్లలు ఇక జీవితంలో మరిచిపోరు. మనిషికి ఐదు లీటర్ల లోపు వాడకం వచ్చింది, పెద్దలకు అసౌకర్యం లేదు. మూడో వారంలో బోరు నీటిలోని ఇసుక రేణువులు చేరి రెండు రంధ్రాలు మూసుకుపోయాయి. అప్పుడు కొళాయిలు విప్పి శుభ్రం చేసే వంతుల పట్టిక గోడమీద అతికించారు. నిర్వహణ లేని యంత్రం లేదన్న సంగతి పుస్తకాల్లో తక్కువగా రాస్తారు, అది అక్కడ తెలిసింది. మోటారు మార్చలేదు, రెండో ట్యాంకు కొనలేదు.

ఆ పదకొండు మందిలో ఇద్దరు అప్పటికే సాయంత్రాలు షెడ్డులో పనిచేస్తున్నవారు. మర విప్పడం, టేపు చుట్టడం, బిగించడం వాళ్లకే వచ్చు. క్లాసులో వెనుక బెంచీ వాళ్లు ఆ రోజు ముందు నిలబడ్డారు. లెక్క వచ్చిన అమ్మాయి వాళ్లను అడిగి మర గురించి తెలుసుకుంది, వాళ్లు ఆమెను అడిగి వైశాల్యం తెలుసుకున్నారు. వారిలో ఒకడు ఇప్పుడు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు చదువుతున్నాడు. రెండోవాడు షెడ్డులోనే ఉన్నాడు. అతని తండ్రి ఆరోగ్యం బాగాలేదు, ఇంటికి ఆ కూలి కావాలి. ఆదివారాలు మాత్రం తప్పకుండా వస్తున్నాడు. పదో తరగతి ఓపెన్ స్కూలు ద్వారా కట్టించే ప్రయత్నంలో ఉన్నాం.

పెద్ద ఇంజనీర్లు కూడా ఈ దారినే నడిచారు. డాక్టర్ అబ్దుల్ కలాం బృందం తయారుచేసిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్ 1980 జూలై 18న నేటి మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచే ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. ఆ సంగతి అందరికీ తెలుసు. తనకు ఎక్కువ ఆనందం ఇచ్చినదిగా ఆయన చెప్పుకున్న పని మరొకటి ఉంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడు ఒకరు ఆయన ప్రయోగశాలకు వచ్చి, క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూశారు. తర్వాత కలాంగారిని ఆసుపత్రికి తీసుకువెళ్లి, మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లతో కాళ్లు ఈడ్చుకుంటున్న పిల్లలను చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. సమస్యను కళ్లారా చూడడం, బరువు కొలవడం, చేతిలో ఉన్న పదార్థంతో మార్చడం. మన వజూఖానా పిల్లలు చేసినదీ ఈ వరుసలోనిదే, పరిమాణం వేరు.

ఇక ఆడపిల్లల తల్లులకు ఒక మాట. మన ఇళ్లలో చాలామంది దగ్గర కుట్టు మిషను ఉంది. దాన్ని యంత్రంగా ఎవరూ చూడరు. కాలితో తొక్కే మిషనులో పలక పైకీ కిందికీ ఊగితే చక్రం గుండ్రంగా తిరుగుతుంది. ఊగుడును తిరుగుడుగా మార్చే ఆ వంకర కడ్డీని ఇంజనీర్లు క్రాంక్ అంటారు. కారు ఇంజనులో ఉన్నదీ అదే. 1206 నాటికి అల్-జజరీ అనే ముస్లిం యంత్రశిల్పి 50 యంత్రాల నిర్మాణాన్ని బొమ్మలతో సహా గ్రంథంలో వివరించారు, నీరు తోడే యంత్రాల్లో ఈ క్రాంక్‌ను వాడారు. పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే సూది ఎన్నిసార్లు దిగుతుందో మీ అమ్మాయిని లెక్కపెట్టమనండి. చక్రాల వ్యాసాలు కొలవమనండి. రెండు లెక్కలూ ఎందుకు కలుస్తున్నాయో అడగండి. ఇది కూడా ఇంజనీరింగ్ పాఠమే, దీనికి పరదా అడ్డం కాదు, ఫీజు లేదు.

ఇప్పటిదాకా మనం చేసుకోగలిగిన వాటి గురించి చెప్పాం. ప్రభుత్వం నుంచి అడిగి తీసుకోవలసినవి కూడా ఉన్నాయి. అవి దయతో ఇచ్చేవి కావు, మన పన్నుల డబ్బుతో నడిచేవి. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలకు అటల్ టింకరింగ్ ల్యాబులు ఇస్తున్నారు. ఎంపికైన పాఠశాలకు నెలకొల్పడానికి 10 లక్షలు, నడపడానికి మరో 10 లక్షల దాకా అందే విధంగా ఆ పథకం రూపొందింది. 2025 కేంద్ర బడ్జెట్‌లో ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50,000 ల్యాబులు పెడతామని ప్రకటించారు. ఆ వాటాలో ఉర్దూ మాధ్యమ ఉన్నత పాఠశాలలు, మైనారిటీ గురుకులాలు ఎన్ని ఉంటాయి? అడగనిదే ఎవరూ చెప్పరు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నడిపే ఇన్‌స్పైర్-మానక్ కింద పాఠశాల పిల్లల ఆలోచనలను ప్రధానోపాధ్యాయులు పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు పిల్లవాడి బ్యాంకు ఖాతాలో పడతాయి. మీ బడి నుంచి ఈ ఏడాది ఎవరి పేర్లు వెళ్లాయో కనుక్కోండి. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర నేర్చుకోవాలని ఉంది. స్థానిక వృత్తి నిపుణులంటే ఎవరు? మన ఉస్తాదులే. వారిని అతిథి ఉపాధ్యాయులుగా పిలవమని అడగడానికి ఇంతకంటే ఆధారం అక్కరలేదు.

గుమాస్తా అనుభవంతో రెండు సూచనలు. నోటిమాటతో అడిగినది కార్యాలయంలో నిలవదు. కాగితం మీద రాయండి, తేదీ వేయండి, రసీదు తీసుకోండి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. వెనుకబడిన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలని కూడా అందులోనే ఉంది. ఎన్నిక రోజున ఇంట్లో కూర్చుని, తర్వాత బాధపడితే ఫలితం లేదు. ల్యాబు కోసం తీర్మానం ఆ కమిటీ చేయాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో బదులు ఇవ్వాలి. ల్యాబు వచ్చాక మరో పని ఉంది. తాళం వేసిన అలమారాలో పరికరాలు కొత్తవిగానే పాతబడిపోకుండా చూడాలి. వారానికి ఎన్ని గంటలు తెరుస్తున్నారో కమిటీ సమావేశంలో ప్రతిసారీ అడగండి.

వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు ఇదే చోట పిల్లలతో మళ్లీ కూర్చుంటున్నాం. పాత కుట్టు మిషను ఒకటి సంపాదించాం, విప్పి చూడడానికి. పిల్లలు స్కేలు, నోటుపుస్తకం, పాత గుడ్డముక్క తెచ్చుకోవాలి. షెడ్డులో పనిచేసే పిల్లల ఉస్తాదులతో మేము మాట్లాడాం, ఇద్దరు ఉదయం పూట సెలవు ఇవ్వడానికి ఒప్పుకున్నారు, మిగతావారిని ఒప్పించే పని మీది. ఒక ఉస్తాద్ తానే వస్తానన్నారు, పానాల పెట్టె కూడా తెస్తున్నారు. ల్యాబు దరఖాస్తు ముసాయిదా ప్రతులు బల్ల మీద ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఒక్కొక్కటి తీసుకుని, మీ బడి పేరు నింపి, సంతకాలతో తిరిగి ఇవ్వండి.